హైకమాండ్ లేని పార్టీలు: అమెరికాలో టికెట్ ఎవరిస్తారు?

2001 మే నెలలో అమెరికా సెనెట్‌లో రెండు పార్టీలకూ చెరో 50 సీట్లు ఉన్నాయి. ఓట్లు సమానమైతే ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఓటు వేస్తాడు కాబట్టి రిపబ్లికన్లదే పైచేయి. అలాంటి సమయంలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన రిపబ్లికన్ సెనెటర్ జిమ్ జెఫర్డ్స్, ఇక నుంచి తాను ఇండిపెండెంట్‌నని, సెనెట్‌లో డెమొక్రాట్ల వైపు కూర్చుంటానని ప్రకటించాడు. జూన్ మొదటి వారానికల్లా సెనెట్ డెమొక్రాట్ల చేతికి వెళ్లిపోయింది, కమిటీల చైర్మన్లందరూ మారిపోయారు. అంతకు ఆరేడు నెలల ముందే రిపబ్లికన్‌గా గెలిచిన మనిషి ఆయన. అయినా సీటు పోలేదు. అనర్హత పిటిషన్ లేదు, ఉప ఎన్నిక లేదు, ఆరేళ్ల పదవీకాలం నిండేదాకా సెనెటర్‌గానే కొనసాగాడు.

మన దగ్గర 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. దాన్ని ఎన్ని రకాలుగా దాటేస్తున్నా, విప్ ధిక్కరిస్తే పదవి పోవచ్చన్న భయమైతే ఎమ్మెల్యేకి, ఎంపీకి ఉంటుంది. అమెరికాలో ఆ చట్టమే లేదు. అక్కడా విప్ అనే పదవి ఉంది గానీ, ఆ విప్ చేయగలిగింది లెక్కలు చూసుకోవడం, బతిమాలడం, బేరమాడటం, మరీ కాదంటే కమిటీలో చోటు గురించి బెదిరించడం వరకే. దీనికంటే పెద్ద తేడా ఇంకొకటి ఉంది. అక్కడ బీ-ఫామ్ ఇచ్చే హైకమాండ్ లేదు. రెండు పార్టీలకూ జాతీయ కమిటీలు, వాటికి చైర్మన్లు ఉంటారు, నిధులు సేకరిస్తారు, సభలు నిర్వహిస్తారు, కానీ ఫలానా నియోజకవర్గంలో ఫలానా మనిషికి టికెట్ ఇవ్వను అని చెప్పే అధికారం వాళ్లకు లేదు. టికెట్ ఇచ్చేది ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ముందస్తు ఎన్నికలో, ఓటు వేసే జనం.

ఈ ఒక్క విషయం సరిగ్గా అర్థమైతే అమెరికా రాజకీయాల్లో మనకు వింతగా కనిపించే చాలా సంగతులు వాటంతటవే విడిపోతాయి. ఆ పార్టీల రెండు వందల ఏళ్ల చరిత్ర చాలావరకు టికెట్ చేతులు మారిన చరిత్రే. మొదట కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుల చేతిలో ఉండేది, తర్వాత కన్వెన్షన్లలో, అంటే పార్టీ మహాసభల్లో, కూర్చున్న పెద్దల చేతికి, ఆ తర్వాత ఓటర్ల చేతికి వచ్చింది. ప్రజాస్వామ్యం పెరిగినట్టే కదా అనిపిస్తుంది. చాలా విషయాల్లో పెరిగింది కూడా. కానీ పార్టీ అనే సంస్థ లోపల బలహీనపడుతూ వస్తుంటే, పార్టీ మీద జనం పెంచుకున్న అభిమానం, అవతలి పార్టీ మీద కోపం మాత్రం ముదురుతూ వచ్చాయి. ఇవాళ అమెరికా ప్రభుత్వం పదే పదే ఇరుక్కుపోతున్నది ఈ రెండింటి మధ్యనే.

1787లో రాసిన రాజ్యాంగంలో పార్టీల ప్రస్తావనే లేదు. మర్చిపోయి వదిలేసింది కాదది. పార్టీలంటే ముఠాలని, దేశాన్ని చీలుస్తాయని ఆ తరం నాయకులు గట్టిగా నమ్మారు. 1796లో పదవి వదులుకుంటూ జార్జి వాషింగ్టన్ విడుదల చేసిన వీడ్కోలు సందేశంలో పార్టీతత్వం గురించి చాలా తీవ్రంగా హెచ్చరించాడు. అంతకు కొన్నేళ్ల ముందే ఆయన సొంత క్యాబినెట్ రెండుగా చీలింది. ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్, స్వాతంత్ర్య యుద్ధంలో రాష్ట్రాలు చేసిన అప్పులన్నీ కేంద్రం నెత్తిన వేసుకోవాలన్నాడు, జాతీయ బ్యాంకు పెట్టాలన్నాడు. తమ అప్పు చాలావరకు తీర్చేసుకున్న వర్జీనియా లాంటి రాష్ట్రాలకు అది మండింది. విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్, ఆయన మిత్రుడు జేమ్స్ మాడిసన్ ఎదురు నిలిచారు. జెఫర్సన్ ఏం చేశాడంటే, ఫిలిప్ ఫ్రెనో అనే కవిని తన శాఖలో ఏడాదికి 250 డాలర్ల జీతంతో అనువాదకుడిగా పెట్టుకున్నాడు. ఆ ఫ్రెనో నడిపిన పత్రిక పొద్దస్తమానం ప్రభుత్వాన్నే తిట్టిపోసేది. అంటే ప్రభుత్వ జీతం తీసుకుంటూ ప్రభుత్వం మీద రాతలు. ముఠాల ప్రమాదం గురించి అందరికంటే లోతుగా రాసిన మాడిసనే ఒక పార్టీకి ప్రాణం పోసినవాళ్లలో ఒకడు కావడం చూస్తే, పార్టీలు పుట్టడం ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడలేదని తెలుస్తుంది. కాంగ్రెస్‌లో బిల్లు గెలవాలంటే ముందే జనాన్ని కూడగట్టుకోవాలి, అధ్యక్ష పదవి గెలవాలంటే రాష్ట్రాల్లో కలిసి పనిచేసే మనుషులుండాలి. ఆ అవసరమే పార్టీలను పుట్టించింది.

రాజ్యాంగం మాత్రం వాటికి సిద్ధంగా లేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాలు పంపే ప్రతినిధులే ఎలక్టర్లు. మొదట్లో ప్రతి ఎలక్టరూ రెండు ఓట్లు వేసేవాడు, ఎక్కువ వచ్చినవాడు అధ్యక్షుడు, రెండోవాడు ఉపాధ్యక్షుడు. 1796లో ఈ పద్ధతి వల్ల జాన్ ఆడమ్స్ అధ్యక్షుడై, ఆయన మీద పోటీ చేసిన జెఫర్సన్ ఉపాధ్యక్షుడయ్యాడు. 1800లో ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. జెఫర్సన్ పార్టీ ఎలక్టర్లందరూ క్రమశిక్షణగా ఆయనకొక ఓటు, సహచరుడు ఆరన్ బర్‌కొక ఓటు వేశారు, ఇద్దరికీ చెరి 73 వచ్చాయి. తీర్పు ప్రతినిధుల సభకు వెళ్లింది, అక్కడ 36 సార్లు ఓటింగ్ జరిగాక గానీ జెఫర్సన్ గెలవలేదు. దాంతో 1804లో 12వ సవరణ తెచ్చి రెండు పదవులకూ వేరువేరుగా ఓటు వేసే పద్ధతి పెట్టారు. పార్టీ అనే మాట ఎక్కడా రాయకుండానే పార్టీల కోసం రాజ్యాంగాన్ని సవరించుకున్నారన్నమాట.

ఆ రోజుల్లో అధ్యక్ష అభ్యర్థిని ఎంపిక చేసేది ఆ పార్టీ కాంగ్రెస్ సభ్యుల సమావేశం, దాన్నే కాకస్ అనేవారు. హామిల్టన్ వర్గమైన ఫెడరలిస్టులు బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధాన్ని వ్యతిరేకించి పరువు పోగొట్టుకున్నాక పోటీ అనేదే లేకుండా పోయింది, 1820లో జేమ్స్ మన్రో ఎదురు లేకుండా గెలిచాడు. ఒకే పార్టీ మిగిలితే ఏమవుతుందో 1824లో తెలిసింది. కాకస్‌కి 66 మందే వచ్చారు, విలియం క్రాఫోర్డ్‌ని ఎంపిక చేశారు, మిగతావాళ్లు లెక్కచేయకుండా ఎవరికి వాళ్లు బరిలోకి దిగారు. ఆండ్రూ జాక్సన్‌కి 99 ఎలక్టోరల్ ఓట్లు, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కి 84, క్రాఫోర్డ్‌కి 41, హెన్రీ క్లేకి 37. ఎవరికీ మెజారిటీ లేదు. ప్రతినిధుల సభ ఆడమ్స్‌ని గెలిపించింది, ఆడమ్స్ వెంటనే క్లేని విదేశాంగ మంత్రిని చేశాడు. జాక్సన్ అభిమానులు దీన్ని పట్టపగలు దోపిడీగా చూశారు, నాలుగేళ్లపాటు ఊరూరా అదే ప్రచారం చేశారు.

అక్కడి నుంచి పుట్టినదే ఇవాళ మనం చూస్తున్న పార్టీ నిర్మాణం. న్యూయార్క్ నాయకుడు మార్టిన్ వాన్ బ్యూరెన్, పార్టీ అంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదని, దేశాన్ని కలిపి ఉంచేది అదేనని వాదించి డెమొక్రటిక్ పార్టీని కట్టాడు. 1832లో బాల్టిమోర్‌లో ఆ పార్టీ కన్వెన్షన్ జరిగింది, రాష్ట్రాల నుంచి ప్రతినిధులు వచ్చి అభ్యర్థిని ఖాయం చేశారు. అంతకు ముందు ఏడాది అదే ఊళ్లో యాంటీ మేసనిక్ పార్టీ అనే చిన్న పార్టీ మొదటి జాతీయ కన్వెన్షన్ నడిపింది. చిన్న పార్టీలు గెలవలేదు గానీ, పెద్ద పార్టీలు వాడుకున్న పద్ధతుల్లో కొన్ని అక్కడివే. 1840 నాటికి ఊరేగింపులు, పాటలు, కరపత్రాలతో ఎన్నిక జాతరలా మారి, ఓటు హక్కున్నవాళ్లలో దాదాపు 80 శాతం మంది ఓటు వేశారు. ఓటు హక్కు అప్పట్లో చాలావరకు తెల్ల మగవాళ్లకే ఉండేదన్నది మర్చిపోకూడదు.

కన్వెన్షన్ల కాలం దాదాపు నూట నలభై ఏళ్లు నడిచింది. అందులో నిజమైన బేరాలు జరిగేవి. డెమొక్రటిక్ పార్టీలో 1936 వరకు మూడింట రెండు వంతుల మద్దతు ఉంటేనే నామినేషన్, అంటే దక్షిణాది రాష్ట్రాలు కలిసికట్టుగా వద్దంటే ఎవరూ గెలవలేరు. 1924లో న్యూయార్క్‌లో జరిగిన కన్వెన్షన్ రెండు వారాలు సాగి, 103వ సారి ఓటింగ్‌లో జాన్ డేవిస్ అనే రాజీ అభ్యర్థిని తేల్చింది, ఆయన తర్వాత ఘోరంగా ఓడిపోయాడు. కింది స్థాయిలో పార్టీని నడిపింది ఉద్యోగాలు. గెలిచిన పార్టీ పోస్ట్‌మాస్టర్ దగ్గర్నుంచి కస్టమ్స్ గుమాస్తా దాకా తన కార్యకర్తలకే ఇచ్చేది, వాళ్ల జీతాల్లోంచి పార్టీకి వాటా వెళ్లేది. న్యూయార్క్‌లో టామనీ హాల్ లాంటి యంత్రాంగాలు ఓడ దిగిన ఐరిష్ వలసదారుకి పని చూపించి, బొగ్గు ఇచ్చి, పౌరసత్వం కాగితాలు చేయించి ఓటు తీసుకునేవి. అవినీతి విపరీతం. అయినా ఆ పేదవాడిని పట్టించుకున్నది అప్పట్లో ఆ యంత్రాంగమే అన్నదీ నిజం. 1881లో పారిస్‌లో దౌత్య పదవి దక్కలేదన్న అక్కసుతో చార్లెస్ గిటో అనే మనిషి అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని కాల్చిన తర్వాత, 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి కొన్ని ఉద్యోగాలకు పరీక్షలు పెట్టారు. మొదట పది శాతం ఉద్యోగాలకే అది వర్తించినా, పార్టీల ఇంధనం అక్కడి నుంచే తగ్గడం మొదలైంది.

అసలు మలుపు మాత్రం బ్యాలెట్ కాగితం దగ్గర వచ్చింది. దీన్ని చాలామంది గమనించరు. పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం అమెరికాలో బ్యాలెట్ ప్రభుత్వం అచ్చు వేసేది కాదు, పార్టీలే వేసుకునేవి. రంగు కాగితం మీద తమ అభ్యర్థుల పేర్లన్నీ వేసి చేతికిస్తే, ఓటరు దాన్ని తీసుకెళ్లి పెట్టెలో వేసేవాడు, ఎవరికి వేశాడో అందరికీ తెలిసేది. 1888లో మసాచుసెట్స్ ఆస్ట్రేలియా పద్ధతిలో రహస్య బ్యాలెట్ తెచ్చింది, కొద్ది ఏళ్లలోనే చాలా రాష్ట్రాలకు పాకింది. ఇప్పుడు బ్యాలెట్ అచ్చు వేసేది ప్రభుత్వం. మరి దాని మీద ఏ పార్టీ పేరు వేయాలి, ఆ పార్టీ అభ్యర్థి ఎవరో ఎలా తెలియాలి? పార్టీ అంటే ఏమిటో చట్టంలో రాయక తప్పలేదు. ఒకసారి చట్టం పార్టీ ఇంట్లో అడుగుపెట్టాక తర్వాతి మెట్టు సులువైంది. 1896లోనూ 1898లోనూ కన్వెన్షన్లలో పెద్దల చేతిలో గవర్నర్ టికెట్ పోగొట్టుకున్న విస్కాన్సిన్ నాయకుడు రాబర్ట్ లా ఫాలెట్, చివరికి గవర్నర్ అయ్యాక, అభ్యర్థిని ఓటర్లే ఎన్నుకోవాలంటూ ప్రైమరీ చట్టం తెచ్చాడు. 1904లో ఆ రాష్ట్ర ఓటర్లు దాన్ని ఆమోదించారు. ఒక పార్టీ టికెట్ ఎవరికివ్వాలో తేల్చడానికి ప్రభుత్వమే పోలింగ్ కేంద్రాలు తెరిచి, ప్రజల డబ్బుతో ఎన్నిక నిర్వహించడం ప్రపంచంలో చాలా దేశాలకు ఊహకందని విషయం. అమెరికాలో అది మామూలైపోయింది.

ప్రైమరీలు వచ్చాయి కాబట్టి అధికారం జనానికి వచ్చిందనుకుంటే, దక్షిణాదిలో ఏం జరిగిందో చూడాలి. టెక్సాస్‌లో 1874 నుంచి 1979 వరకు వరుసగా డెమొక్రాట్ గవర్నర్లే. సాధారణ ఎన్నిక లాంఛనం, అసలు ఎన్నిక డెమొక్రటిక్ ప్రైమరీయే. 1923లో ఆ రాష్ట్రం నల్లజాతివాళ్లు ఆ ప్రైమరీలో ఓటు వేయకూడదని చట్టమే చేసింది. ఎల్ పాసోకి చెందిన డాక్టర్ లారెన్స్ నిక్సన్ కోర్టుకెళ్లాడు, 1927లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. రాష్ట్రం వెంటనే ఆ నిర్ణయాన్ని పార్టీ కార్యవర్గానికి అప్పగించింది, 1932లో దాన్నీ కోర్టు తప్పుబట్టింది. అప్పుడు పార్టీ తన రాష్ట్ర కన్వెన్షన్‌లో తీర్మానం చేసుకుంది: మాది ప్రైవేటు సంఘం, మా సభ్యులెవరో మేమే తేల్చుకుంటాం అని. 1935లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సరేనంది! ఓటు హక్కు కాగితం మీద ఉంటుంది, ఓటుకు విలువ ఉండే ఒకే ఒక్క రోజున మాత్రం తలుపు మూసేస్తారు. 1944లో హ్యూస్టన్ దంతవైద్యుడు లోనీ స్మిత్ వేసిన కేసులో, నల్లజాతి హక్కుల న్యాయవాది తుర్గుడ్ మార్షల్ వాదనల తర్వాత, కోర్టు 8-1 తేడాతో తన పాత తీర్పును తిరగేసింది. ప్రభుత్వ ఎన్నికల వ్యవస్థలో భాగమైపోయిన పార్టీ, ప్రైవేటు క్లబ్బునని తప్పించుకోలేదని చెప్పింది. అమెరికా పార్టీ సగం ప్రైవేటు, సగం ప్రభుత్వం అనడానికి ఇంతకంటే బాధాకరమైన రుజువు ఇంకొకటి లేదు.

ఇక్కడే చాలామందికి వచ్చే సందేహం గురించి చెప్పుకోవాలి. బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ రిపబ్లికన్ అయితే, ఇవాళ నల్లజాతి ఓటర్లలో అత్యధికులు డెమొక్రాట్ల వైపు ఎందుకున్నారు? పార్టీల పేర్లు అవే ఉండి లోపలి మనుషులు మారిపోయారు. రిపబ్లికన్ పార్టీ 1854లో, కొత్త భూభాగాల్లోకి బానిసత్వం వ్యాపించకూడదన్న పోరాటంలో పుట్టింది. ఆ గొడవలోనే, అప్పటిదాకా డెమొక్రాట్లకు ప్రధాన ప్రత్యర్థిగా ఉన్న విగ్ పార్టీ కుప్పకూలింది, ఆరేళ్లకే లింకన్ 40 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యాడు, ఎందుకంటే డెమొక్రాట్లు ఉత్తర, దక్షిణాలుగా చీలిపోయారు. ఉత్తర, దక్షిణాల మధ్య జరిగిన అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది తెల్లవాళ్లు డెమొక్రాట్లుగా స్థిరపడ్డారు. 1930లలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉపాధి పథకాలు, కార్మిక చట్టాలతో ఉత్తరాది నగరాల్లోని కార్మికులను, నల్లజాతివాళ్లను అదే పార్టీలోకి తెచ్చాడు. ఒకే గొడుగు కింద నల్లజాతి ఓటరూ, అతని ఓటు హక్కు లాక్కున్న దక్షిణాది సెనెటరూ! ఎన్నాళ్లు నిలుస్తుంది? 1964లో పౌరహక్కుల చట్టం సెనెట్‌లో 73-27తో గెలిచింది. 33 మంది రిపబ్లికన్లలో 27 మంది, 67 మంది డెమొక్రాట్లలో 46 మంది అవునన్నారు. కానీ కాదన్న ఆరుగురు రిపబ్లికన్లలో ఒకడైన బారీ గోల్డ్‌వాటర్ ఆ ఏడాది అధ్యక్ష అభ్యర్థి. సొంత రాష్ట్రం ఆరిజోనాతో పాటు ఆయన గెలిచింది దక్షిణాదిలోని ఐదు రాష్ట్రాలు మాత్రమే. దక్షిణాది తెల్ల ఓటర్లు రిపబ్లికన్ల వైపు వెళ్లడం ఒక్క రాత్రిలో జరగలేదు, రెండు మూడు దశాబ్దాలు పట్టింది, దారి మాత్రం అక్కడ స్పష్టమైంది.

ఆ కలగాపులగం పార్టీలతో ఒక విచిత్రమైన ప్రయోజనం ఉండేది. రెండు పార్టీల్లోనూ ఉదారవాదులు, సంప్రదాయవాదులు ఉండటం వల్ల బిల్లుకి మద్దతు అటు నుంచి కొంత, ఇటు నుంచి కొంత దొరికేది. 1965లో వృద్ధులకు వైద్యం అందించే మెడికేర్ బిల్లుకు ప్రతినిధుల సభలో 70 మంది రిపబ్లికన్లు ఓటు వేశారు. 2010లో ఒబామా ఆరోగ్య బీమా చట్టం 219-212తో గట్టెక్కినప్పుడు ఒక్క రిపబ్లికన్ ఓటు లేదు. విశేషమేమిటంటే 1950లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్తల సంఘం కమిటీ ఒకటి, మన పార్టీలు రెండూ మరీ ఒకేలా ఉన్నాయి, ఓటరుకి స్పష్టమైన తేడా కనిపించాలి, పార్టీలు క్రమశిక్షణగా ఉండాలి అని నివేదిక ఇచ్చింది. ఆ కోరిక అక్షరాలా నెరవేరింది. కానీ బ్రిటన్ తరహా పార్లమెంటులో క్రమశిక్షణ గల పార్టీ గెలిస్తే ప్రభుత్వం నడుస్తుంది. అమెరికాలో అధ్యక్షుడు వేరు, ప్రతినిధుల సభ వేరు, సెనెట్ వేరు, పైగా సెనెట్‌లో చాలా బిల్లులు ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి. పార్టీలు గీత గీసుకుని నిలబడితే అక్కడ బండి ఆగిపోతుంది.

టికెట్ కథకు తిరిగొస్తే, అధ్యక్ష పదవి విషయంలో పెద్దల పట్టు తెగింది 1968లో. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన యూజీన్ మెకార్తీ, రాబర్ట్ కెన్నెడీ ప్రైమరీల్లో తిరిగి ఓట్లు తెచ్చుకున్నారు. జూన్‌లో కెన్నెడీ హత్యకు గురయ్యాడు. ఆగస్టులో షికాగో కన్వెన్షన్ బయట పోలీసులు యువకుల్ని చితకబాదుతుంటే, లోపల ఒక్క ప్రైమరీలోనూ నిలబడని ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి నామినేషన్ కట్టబెట్టారు. ఆ అవమానం నుంచి పార్టీ ఒక కమిషన్ వేసి నియమాలు మార్చుకుంది, ప్రతినిధుల్ని ప్రజల భాగస్వామ్యంతోనే ఎంచుకోవాలంది. రాష్ట్రాలు ప్రైమరీల వైపు మళ్లాయి, రిపబ్లికన్లూ అదే దారి పట్టారు. ఆ కమిషన్‌కు అధ్యక్షత వహించిన జార్జి మెక్‌గవర్నే 1972లో కొత్త నియమాల కింద నామినేషన్ గెలిచి, 49 రాష్ట్రాల్లో ఓడిపోయాడు. కంగారుపడిన డెమొక్రాట్లు 1980లలో సూపర్ డెలిగేట్ల పేరుతో పెద్దలకు కొంత చోటు తిరిగిచ్చారు, 2018లో దాన్నీ కుదించారు.

2016 నాటికి ఈ మార్పు పూర్తి ఫలితం కనిపించింది. అంతకుముందు రిఫార్మ్ పార్టీలో, డెమొక్రటిక్ పార్టీలో నమోదై ఉండి, ఏ ప్రభుత్వ పదవీ చేయని డొనాల్డ్ ట్రంప్, పదిహేడు మంది పోటీలో ప్రైమరీ ఓట్లలో సగం కంటే తక్కువతోనే రిపబ్లికన్ నామినేషన్ గెలుచుకున్నాడు. అంతకుముందు ఎన్నికలో ఆ పార్టీ అభ్యర్థి మిట్ రామ్నీ బహిరంగంగా వద్దన్నాడు. కన్వెన్షన్ జరిగిన ఒహాయో రాష్ట్రానికి గవర్నర్‌గా ఉన్న సొంత పార్టీ నాయకుడు జాన్ కేసిక్ ఆ సభకే వెళ్లలేదు. అయినా ఆపే అధికారం ఎవరికీ లేదు. అవతల సెనెట్‌లో ఇండిపెండెంట్‌గా కూర్చునే బెర్నీ శాండర్స్ డెమొక్రటిక్ ప్రైమరీలో దిగి హిల్లరీ క్లింటన్‌కి చివరిదాకా పోటీ ఇచ్చాడు. మూడో పార్టీలు ఎందుకు ఎదగవు అనే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. 1992లో రాస్ పెరో విడిగా నిలబడి దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకుంటే ఒక్క ఎలక్టోరల్ ఓటు రాలేదు, ఎందుకంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లో మొదటి స్థానం వచ్చినవాడికే మొత్తం ఓట్లు. కొత్త పార్టీ పెట్టి నష్టపోవడం కంటే ఉన్న పార్టీ ప్రైమరీలో దిగి దాన్ని సొంతం చేసుకోవడం తేలిక.

డబ్బు కూడా పార్టీ చేయి దాటిపోయింది. 2002 చట్టం పార్టీలు అపరిమిత విరాళాలు తీసుకోకుండా ఆపింది. 2010లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అదే డబ్బు బయటి సంస్థలకు, అపరిమితంగా విరాళాలు తీసుకుని ప్రచారానికి ఖర్చు పెట్టే సూపర్ ప్యాక్‌లకు మళ్లింది. సొంత డబ్బు పెట్టుకునేవాళ్లకైతే 1976 సుప్రీంకోర్టు తీర్పు నుంచీ పరిమితి లేదు. హైదరాబాద్‌లో పుట్టి, మేరీల్యాండ్‌లో ఇంజనీరుగా, రాష్ట్ర శాసనసభ్యురాలిగా పనిచేసిన అరుణ మిల్లర్ 2018లో అమెరికా కాంగ్రెస్ సీటు కోసం డెమొక్రటిక్ ప్రైమరీలో నిలబడితే, మద్యం దుకాణాల గొలుసు యజమాని డేవిడ్ ట్రోన్ కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు ఖర్చు పెట్టి గెలిచాడు. టికెట్ కోసం ఎవరి ఇంటి చుట్టూ తిరగాల్సిన పని లేకపోయినా, మొదటిసారి నిలబడేవాళ్లకు దారి సులువేమీ కాదు. ఆమె తర్వాత 2023లో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయింది.

అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో పౌరసత్వం వచ్చి కూడా నవంబరు ఎన్నికకు మాత్రమే ఓటు వేసేవాళ్లు ఈ ప్రైమరీల సంగతి తప్పక తెలుసుకోవాలి. టెక్సాస్‌లో ఓటరు నమోదు పత్రంలో పార్టీ అనే గడి ఉండదు, ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది తీసుకోవచ్చు. ఫ్లోరిడాలో, న్యూయార్క్‌లో ముందే ఆ పార్టీ కింద నమోదై ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వరు. ప్రతినిధుల సభలోని 435 సీట్లలో చాలా భాగం ఏదో ఒక పార్టీకి ఖాయమైనవే, అంటే నిజంగా ఎంపిక జరిగేది ప్రైమరీలోనే. అధ్యక్ష ఎన్నిక లేని మధ్యంతర ఎన్నికల ఏడాదిలో ఆ ప్రైమరీలకు వచ్చేది అర్హులైన ఓటర్లలో ఐదో వంతు అటూఇటూ. సీట్లు ఖాయం కావడానికి ఒక కారణం ఎవరి పక్షం జనం వాళ్ల ఊళ్లలోనే ఎక్కువగా ఉండటం, ఇంకో కారణం నియోజకవర్గాల గీతలు గీసేది చాలా రాష్ట్రాల్లో అధికార పార్టీయే కావడం. పార్టీ స్వార్థంతో గీసినా ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోవని 2019లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చేసింది. మనకున్నట్టు దేశమంతటికీ ఎన్నికలు నిర్వహించే స్వతంత్ర సంఘం అక్కడ లేదు. 2000లో 537 ఓట్ల తేడాతో అధ్యక్షుణ్ణి తేల్చిన ఫ్లోరిడాలో ఫలితాన్ని ధ్రువీకరించిన అధికారి కాథరిన్ హారిస్, ఆ రాష్ట్రంలో గెలిచిన రిపబ్లికన్ అభ్యర్థి జార్జి బుష్ ప్రచారానికి సహ అధ్యక్షురాలు కూడా. ఇది చట్టవిరుద్ధం కాదు, అసలు సమస్యే అది.

సభలో నాయకుల పరిస్థితి ఎలా ఉందో 2023లో బయటపడింది. ఒకప్పుడు జోసెఫ్ కానన్ లాంటి స్పీకర్లు ఎవరిని ఏ కమిటీలో వేయాలో, ఏ బిల్లు చర్చకు రావాలో ఒంటి చేత్తో శాసించేవారు, 1910లో సొంత పార్టీ తిరుగుబాటే ఆయన అధికారాన్ని కత్తిరించింది. 2023 జనవరిలో కెవిన్ మెకార్తీ స్పీకర్ కావడానికి 15 సార్లు ఓటింగ్ జరగాల్సి వచ్చింది, అక్టోబరు 3న ఎనిమిది మంది రిపబ్లికన్లు డెమొక్రాట్లతో కలిసి 216-210తో ఆయన్ను దించేశారు. ఆ ఎనిమిది మందిని భయపెట్టడానికి ఆయన దగ్గర ఏముంది? టికెట్ ఆయన చేతిలో లేదు.

ఎవరి చేతిలో ఉందో 2021 తర్వాత ఏం జరిగిందో చూస్తే తెలుస్తుంది. ట్రంప్ మద్దతుదారులు కాంగ్రెస్ భవనం మీద చేసిన జనవరి 6 దాడి తర్వాత ట్రంప్ అభిశంసనకు ప్రతినిధుల సభలో పది మంది రిపబ్లికన్లు ఓటు వేశారు. నలుగురు మళ్లీ పోటీ చేయలేదు. నలుగురు ప్రైమరీల్లో ఓడిపోయారు, సభలో పార్టీ మూడో స్థానం నాయకురాలిగా ఉండి ఆ పదవి పోగొట్టుకున్న లిజ్ చెనీ కూడా అందులో ఉంది. మిగిలింది ఇద్దరు, కాలిఫోర్నియాలో డేవిడ్ వలడావో, వాషింగ్టన్ రాష్ట్రంలో డాన్ న్యూహౌస్. ఈ రెండు రాష్ట్రాల్లోనూ పార్టీలవారీ ప్రైమరీలు లేవు, అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, మొదటి రెండు స్థానాలు వచ్చినవాళ్లు నవంబరుకి వెళ్తారు. వాషింగ్టన్‌లోనే జేమీ హెరెరా బ్యూట్లర్ ఓడిపోయింది కాబట్టి ఆ పద్ధతి కవచం లాంటిదేమీ కాదు. కానీ బతికి బయటపడ్డ ఇద్దరూ అక్కడివాళ్లే కావడం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. సెనెట్‌లో దోషి అని ఓటు వేసిన ఏడుగురు రిపబ్లికన్లలో 2022లో ఎన్నికకు వెళ్లింది అలాస్కా సెనెటర్ లీసా మర్కౌస్కీ ఒక్కరే. అలాస్కా 2020లో చట్టం మార్చుకుని, ప్రైమరీలో మొదటి నలుగురినీ ముందుకు పంపి, నవంబరులో ప్రాధాన్య క్రమంలో ఓటు వేసే పద్ధతి పెట్టుకుంది. ట్రంప్ మద్దతున్న ప్రత్యర్థి మీద ఆమె గెలిచింది.

ఈ అనుభవం చూసి 2024లో నెవాడా, కొలరాడో, ఐడహో లాంటి రాష్ట్రాల్లో ఇలాంటి మార్పులనే ప్రజల ఓటుకు పెట్టారు. అన్నిచోట్లా ఓడిపోయాయి. నెవాడాలో, కొలరాడోలో వీటిని వ్యతిరేకించడంలో రిపబ్లికన్, డెమొక్రటిక్ పార్టీలు రెండూ ఒక్కటయ్యాయి. అదే రోజు అలాస్కాలో పాత పద్ధతికి తిరిగి వెళ్లాలన్న ప్రతిపాదన మీద ఓటు జరిగింది, వెయ్యి ఓట్లు కూడా లేని తేడాతో కొత్త పద్ధతి నిలబడింది.